పసుపు జెర్సీ, పాలారు దిగుడు

"జెర్సీ వచ్చేసిందే" అని శనివారం సాయంత్రం చంద్రిక ఫోన్లో చెల్లెలితో అన్న మాట గోడ అవతల మునిస్వామి చెవిలో పడింది. మదనపల్లెలో జెర్సీ అంటే నాలుగు కాళ్ళు, ఒక తోక, పూటకు ఎనిమిది లీటర్లు. ఆదివారం తెల్లవారుజామునే ఆయన చేతిలో పలుపుతాడు, చంకలో పచ్చగడ్డి మోపుతో గేటు ముందు నిలబడ్డాడు. లోపలినుంచి సాయిప్రసాద్ బయటికొచ్చాడు, పసుపుపచ్చటి బిగుతు చొక్కాలో.

"యాడప్పా జెర్సీ?"

"ఇదే మామా. సైకిలు తొక్కేటప్పుడు వేసుకునే చొక్కా."

మునిస్వామి జెర్సీని ముందునుంచీ, పక్కనుంచీ చూశాడు. "ఈనేటట్టుండాది" అని, గడ్డి మోపుతో వెనుదిరిగాడు.

సాయిప్రసాద్‌కు యాభై మూడేళ్ళు, తొంభై రెండు కిలోలు. సైకిలు ఎనిమిదే కిలోలు. దాని బరువు తగ్గించడానికి కంపెనీవాళ్ళు చాలా కష్టపడ్డారు. ఆ కష్టమంతా సాయిప్రసాద్ ఒక్కసారి కూర్చోగానే కరిగిపోయింది. ఆయన కొలతకు కంపెనీలో ఉన్న రంగు పసుపు ఒక్కటే.

"కుప్పానికి నూటికి పైన కిలోమీటర్లు. బస్సుకు పోరాదా?" అంది భార్య చంద్రిక, సీసాలో నారింజరంగు గ్లూకోజు నీళ్ళు పోస్తూ.

"బస్సులో పోతే ముందు సీటు కనపడ్తాది. లోయ కనపడదు."

ఆ లోయ సంగతి ముప్పై మూడేళ్ళ నాటిది. కాలేజీ సెలవుల్లో సాయిప్రసాద్, జిలాన్ ఒకే సైకిలు మీద కుప్పంలోని జిలాన్ మేనమామ ఇంటికి వెళ్ళేవాళ్ళు. సైకిలు జిలాన్‌ది కాబట్టి హ్యాండిలు కూడా జిలాన్‌దే. సాయిప్రసాద్ ఎప్పుడూ క్యారియర్ మీదే. వి.కోట దాటాక దారి పాలారు ఏటి వైపు దిగే చోట జిలాన్, "అబ్బబ్బ, ఏమి లోయరా సాయీ, ఆ కొండలు సూడు, ఆ ఏరు సూడు" అని అరిచేవాడు. సాయిప్రసాద్ చూసేవాడు. కనబడేది జిలాన్ వీపు, దానిమీద నీలం గళ్ళ చొక్కా. ఆ గళ్ళు ఎన్నో ఇప్పటికీ చెప్పగలడు. ఏరు ఏ పక్కన ఉందో మాత్రం చెప్పలేడు.

జిలాన్ ఇప్పుడు కుప్పంలో సైకిలు షాపు నడుపుతున్నాడు. మంగళవారం బెంగళూరులో మోకాలి ఆపరేషను. ఆ తర్వాత సైకిలెక్కడం కుదరదని డాక్టరు చెప్పేశాడు. పోయిన వారం ఫోన్ చేసి, "ఆదివారం ఆ దిగుడు కాడ ఉంటానురా. పొద్దు వాలేలోపల వస్తే ఇద్దరం ఒకసారి సూద్దాం. ఈసారి నువ్వు ముందు కూచో" అన్నాడు. పైకి సరేనన్నా, ఆ రాత్రి సాయిప్రసాద్‌కు చాలాసేపు నిద్ర పట్టలేదు.

పుంగనూరు దాకా అంతా సవ్యంగా సాగింది. అది దాటాక ఒక పల్లె బోరింగు దగ్గర ఆగి, బూట్లు విప్పి, కాళ్ళమీద నీళ్ళు పోసుకున్నాడు. ఎదురింటి అరుగు మీదినుంచి మునెమ్మ అనే ముసలావిడ అతణ్ణి పైనుంచి కిందికి చూసింది. పసుపు బట్టలు. ఒట్టి కాళ్ళు. ఎర్రబడిన కళ్ళు.

"యాడికి పోతాండావు నాయనా?"

"కుప్పానికవ్వా."

కుప్పంలో అది గంగమ్మ జాతర వారం. పసుపు బట్టలతో, ఒట్టి కాళ్ళతో ఆ వారం కుప్పం వెళ్ళేవాణ్ణి ఏమంటారో మునెమ్మకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. కోడల్ని కేకేసి, చెంబుతో పసుపునీళ్ళు తెప్పించి, అతని కాళ్ళమీద పోసి దండం పెట్టింది.

"అవ్వా, మొక్కూ లేదు, ఏమీ లేదు. ఊరికే పోతాండాను."

"ఊరికే యెవురైనా ఇంత యెండలో కుప్పానికి సైకిలు తొక్కుతారా?"

సాయిప్రసాద్ బూట్ల కోసం చెయ్యి చాచాడు.

"సెప్పద్దులే" అంది మునెమ్మ, స్వరం తగ్గించి. "మొక్కు బయట సెప్పుకుంటే ఫలం పోతాది. నాకు తెలుసు." లోపలికెళ్ళి పసుపు పూసిన టెంకాయ తెచ్చింది. "ఏడాదినించీ మొక్కుండాది. కాళ్ళు రాక పోలేకుండాను. అమ్మకియ్యి. కింద మాత్రం పెట్టద్దు నాయనా."

జాతరకు వెళ్ళేవాడి చేతికి వెళ్ళలేనివాళ్ళు టెంకాయ ఇవ్వడం ఆ పల్లెల్లో మామూలే. ఇస్తే కాదనకూడదు. తీసుకుంటే నేలకు తగలనివ్వకుండా చేర్చాలి. సాయిప్రసాద్ కూడా ఆ గాలి పీల్చి పెరిగినవాడే. టెంకాయను సంచిలో వేసి హ్యాండిలుకు తగిలించుకున్నాడు. తొక్కుదామని బయల్దేరినవాడికి మొక్కు తగులుకుంది.

ఒక్క టెంకాయతో పోయేదే, మునెమ్మకు చెల్లెలు లేకపోయుంటే. ఆ చెల్లెలు తర్వాతి పల్లెలో ఉంది. చెల్లెలికి వియ్యపురాలు ఆ తర్వాతి పల్లెలో ఉంది. అందరికీ ఫోన్లున్నాయి. "సైకిలు సామి వస్తాండాడు. మొక్కు లేదంటాడు, నమ్మద్దండి" అన్న కబురు ఎనిమిది కిలోల సైకిలు కంటే వేగంగా వెళ్ళింది. ప్రతి పల్లె మొదట్లో పసుపునీళ్ళ చెంబులు, ప్రతి చెంబు వెనక ఒక టెంకాయ. కాదన్నకొద్దీ అతని భక్తి మీద గురి పెరిగింది. హెల్మెట్ ముందు పిల్లలు చేతులు జోడించారు. గ్లూకోజు నీళ్ళు తీర్థమైపోయాయి, తలా ఒక గుక్క. సాయిప్రసాద్‌కు మిగిలింది సీసా.

పలమనేరు దాటాక ఫోన్ మోగింది.

"క్యా రే, యాడుండావు?" అన్నాడు జిలాన్.

"పలమనేరు దాటినా."

"పదకొండుకే దాటతానంటివే. రెండైంది."

"నాకు మొక్కుండాదంటరా."

"నీకా? ఎవురు చెప్పిరి?"

"నాకు తప్ప అందరికీ తెలుసు."

వి.కోట దగ్గర ఒక పెద్దాయన కోడిపెట్టను తెచ్చి, గుడ్డసంచిలో మెడదాకా కూర్చోబెట్టి, సాయిప్రసాద్ వీపుకు కట్టాడు. జెర్సీ వెనక ఉన్న మూడు జేబుల్లో అప్పటికే నిమ్మకాయలున్నాయి. ఎత్తు వచ్చినప్పుడల్లా కోడి అతని చెవిలో ఏదో చెప్పింది. సైకిలుకు ఇరవై రెండు గేర్లున్నాయి గానీ, పందొమ్మిది టెంకాయలకు సరిపడే గేరు అందులో లేదు. పొద్దు పడమటికి జారుతోంది. లోయ కోసం బయల్దేరితే కాయలే కనబడుతున్నాయి. సాయిప్రసాద్‌కు మొదటిసారి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుంటుంటే ఎవరో ఆడమనిషి, "పూనకం వస్తాండాది" అంది.

దిగుడు మొదట్లో జిలాన్ ఆటో దిగి, పాత క్యారియర్ సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. మోకాలికి పట్టీ. సరిగ్గా అతనికి పది గజాల దూరంలో సాయిప్రసాద్ ముందు టైరు ఢామ్మంది. పడబోతూ కూడా అతను టెంకాయల సంచుల్ని రెండు చేతులా పైకెత్తాడు. జిలాన్ కుంటుకుంటూ వచ్చి అందుకున్నాడు.

"కింద పెట్టద్దురా."

"తెలుసు లేరా. ఆటో నేల కాదు."

టెంకాయలు, నిమ్మకాయలు, పంక్చరైన సైకిలు ఆటో ఎక్కి గుడికి బయల్దేరాయి. కోడి మాత్రం డ్రైవర్ని పొడిచింది. ఆయన దాన్ని దించేసి వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది పాత సైకిలు, ఇద్దరు స్నేహితులు, ఒక కోడి, అరగంట పొద్దు. సాయిప్రసాద్ ముందు కూర్చున్నాడు. జిలాన్ కోడిని ఒళ్ళో పెట్టుకుని క్యారియర్ ఎక్కాడు.

సైకిలు దిగుడు అందుకుంది. ముప్పై మూడేళ్ళు ఎదురుచూసిన గాలి ముఖానికి కొట్టింది. వెంటనే సాయిప్రసాద్‌కు ఒక సంగతి తెలిసింది. పాత సైకిలుకు బ్రేకు ఒకటే, అదీ సగమే. చూపు కాస్త పక్కకు తిరిగితే చక్రం కూడా తిరుగుతోంది. వంతెన దగ్గర ఎలాగో ఆపి, చెమట తుడుచుకున్నాడు.

"ఎట్లుండాదిరా లోయ?" అన్నాడు వెనకనుంచి జిలాన్.

"సూళ్ళేదు. బ్రేకే సూస్తావుంటి."

"నేనూ అంతే."

"ఇప్పుడా?"

"అప్పుడు. ఎనకాల నిన్ను పెట్టుకోని లోయ యాడ సూసేది?"

"మరి కొండలు, ఏరు అని అరిచేవాడివి కదరా."

"అరవకపోతే నువ్వు బయపడేవాడివి."

జిలాన్ కోడిని సర్దుకుంటూ, "దిగినంతసేపూ నాకు పసుపు గోడ తప్ప ఏమీ కనపళ్ళేదు. ఇన్నేండ్లూ నువ్వు సూసింది ఇదేనా?" అన్నాడు.

"నీది ఇంత వెడల్పు లేదు."

ఇద్దరూ సైకిలును వంతెనకు ఆనించి, వెనక్కి తిరిగి నిలబడ్డారు. కొండలమీద ఎండ రాగిరంగులో ఉంది. మామిడితోటల మధ్య ఏరు ఉండాల్సిన చోట తెల్లటి ఇసుక మెలికలు తిరిగి ఉంది. ఒక గొర్రెలమంద నెమ్మదిగా దాన్ని దాటుతోంది. నీళ్ళు లేవు. ఇద్దరూ మంద చివరి గొర్రె అవతలి గట్టెక్కేదాకా చూశారు. అప్పుడొచ్చిన పాల వ్యాను వాళ్ళను ఎక్కించుకుంది.

కుప్పం గుడి ముందు కబురందుకున్న జనం పలకలతో ఎదురొచ్చారు. పూజారి హారతి పళ్ళెం ఎత్తాడు. ఇక ఆగలేక సాయిప్రసాద్ అరుగెక్కాడు.

"అందరూ వినండప్పా. నేను మొక్కుబడి మనిషిని కాను. ఇది సైకిలు చొక్కా. నా కొలతకు ఈ రంగే దొరికింది. కాళ్ళు కాలి బూట్లు ఇడిస్తిని. సీసాలోది తీర్థం కాదు, గ్లూకోజు. ఈ టెంకాయలు మునెమ్మవ్వవి, ఆయమ్మ చెల్లెలివి, దావలో వాళ్ళందరివి. నాదంటూ ఇందులో ఒక్క నిమ్మకాయ కూడా లేదు."

పలకలు ఆగిపోయాయి. పూజారి పళ్ళెం దించి, "మరి ఇంత యెండలో యాల వచ్చినావప్పా?" అన్నాడు.

సాయిప్రసాద్ జిలాన్ వైపు చూశాడు. "ముప్పై మూడేండ్లుగా ఉండె సామీ. ఈయప్పతో ఒకసారి ఆ దిగుడు దిగి, నిలబడి సూడాలని. ఎవురికీ చెప్పుకోలేదు."

"దాన్నేనప్పా మేము మొక్కనేది" అన్నాడు పూజారి. పలకలు మళ్ళీ మోగాయి.

ఆ మాటకు తల ఊపనిది ఆ గుంపులో కోడి ఒక్కటే.