ప్రాణమున్నంత వరకూ పాత రేటే

సోమవారం ఉదయం జయచంద్ర స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, నాలుగు ఇడ్లీలు తిని, పాత కస్టమర్లు చేజారకుండా రేటు పెంచే ఉపాయంతో ఆఫీసుకు బయలుదేరాడు. ఉపాయంలో పెద్ద తప్పేమీ లేదు. దాన్ని చెప్పిన తీరే కొంప ముంచింది.

తిరుపతి బస్టాండు వెనక మేడమీద ఒక గది అతని ఆఫీసు. లాడ్జీలు, బడులు, మామిడి మండీల వెబ్‌సైట్లను అద్దె సర్వర్లో పెట్టి నడుపుతూ ఏడాదికి మూడు వేలు తీసుకుంటాడు. అలాంటివాళ్ళు నూట నలభై మంది. ఆ సర్వర్ అద్దె ఉన్నట్టుండి ఒకటిన్నర రెట్లయింది. రేటు పెంచకపోతే నష్టం. పెంచితే పాతవాళ్ళు పోతారని భయం. ముప్పై మంది పోయారంటే ఆఫీసుకు తాళం వేసుకోవలసిందే. అందుకని కొత్తవాళ్ళకు ఐదు వేలు, పాతవాళ్ళకు మూడు వేలే అని తేల్చుకున్నాడు.

"సార్, నెల ముందే కారణం సెప్పి అందరికీ పెంచేద్దాం. అడిగినోళ్ళకు నేను సమాధానం సెప్తాను" అంది నిస్సీ. ఆఫీసులో అతను కాక ఉన్న మనిషి ఆమె ఒక్కతే. తెలివి కూడా ఆమె దగ్గరే ఉండేది.

"నీకు తెల్దులేమ్మా. మనోళ్ళకు కారణం గాదు, మాట గావాల. మనసుకు తగలాల."

తనే ఫోను తీసుకుని నూట నలభై మందికీ సందేశం పంపాడు. "మీతో నాది డబ్బు సంబంధం కాదు. ఎవరికి పెంచినా మీకు పెంచను. నా ప్రాణం ఉన్నంత వరకూ మీకు పాత రేటే. మీ జయచంద్ర." అంతటితో ఊరుకోకుండా చివర రెండు దండాలు, ఒక దీపం బొమ్మ కూడా పెట్టాడు.

మొదటి ఫోను చిత్తూరు మామిడి మండీ నుంచి, మునివెంకటప్ప చేశాడు.

"యాడుండావప్పా? ఒళ్ళు ఎట్లుండాది?"

"బాగుండానన్నా. ఏం?"

"నాకాడ దాస్తావా? మా పక్క మండీ తిరుమలయ్య గూడా ఇట్లే, ప్రాణముండేదాకా రేటు పెంచనని అందరి చేతులూ పట్టుకుని సెప్పినాడు. తొమ్మిదో దినం పోయినాడు." అవతల పెద్ద నిట్టూర్పు. "సరే గానీ, మా వెబ్‌సైటు పాస్‌వర్డు యాడన్నా రాసి పెట్టినావా?"

జయచంద్ర పగలబడి నవ్వాడు. పాపం, ఏడుపు ఆపుకోలేక నవ్వుతున్నాడని మునివెంకటప్ప మండీలో చెప్పాడు. మధ్యాహ్నానికల్లా చిత్తూరులో జయచంద్రకు వారం గడువు పెట్టేశారు. సాయంత్రానికి తిరుపతి లాడ్జీలవాళ్ళు దాన్ని మూడు రోజులకు తగ్గించారు.

లాడ్జీ యజమాని పంకజాక్షి అర డజను ఆపిల్ పండ్లు, ఒక బ్రెడ్డు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. తొంభై రెండు కిలోల జయచంద్రను చూసి కళ్ళు ఒత్తుకుంది.

"ఎంత సిక్కిపోయినావు నాయనా!"

"నాకేమీ లేదక్కా! రాయిలాగ ఉండాను!"

"అట్లే ధైర్యంగా ఉండు. నువ్వుండంగానే మా వెబ్‌సైటు వేరే యాడన్నా పెట్టుకుంటాం. నువ్వు పోయినంక యెవుర్ని అడగాల సెప్పు?"

ఆమె వెనకే ఇంకా చాలామంది వచ్చారు. కాదన్నకొద్దీ జాలి పడ్డారు, కసిరితే నొప్పి ఎక్కువైందనుకున్నారు. ఆపిల్ పండ్లతో బల్ల నిండింది. చీకటి పడేసరికి ఇరవై రెండు మంది పాస్‌వర్డులు పట్టుకుని పోయారు. ఇంకో ఎనిమిది మంది పోతే ఆఫీసే ఉండదు.

అప్పుడు భార్య నవీన ఆటో దిగింది. ఎవరో ఇంటికి ఫోను చేసి ఆమెను ఓదార్చారట. పరుగున వచ్చి అతని చొక్కా పట్టుకుంది.

"నాకు సెప్పకుండా నూట నలభై మందికి సెప్తారా!"

"అమ్మతోడు నవీనా, ఏమీ లేదు."

"ఏమీ లేకుంటే ఆస్పత్రికి రండి. డాక్టరు సెప్తే నమ్ముతాను."

"అదే మంచిది సార్," అంది నిస్సీ. "బాగుండారని కాగితం రాయించుకోండి. అందరికీ పంపిద్దాం."

మర్నాడు కాగితం కోసం వెళ్ళారు. డాక్టరు ఈసీజీ చూసి, మళ్ళీ తీయించి, ఇంకేవో పరీక్షలు చేయించి, చివరికి కళ్ళజోడు తీశాడు.

"ఎవరు పంపించినారు మిమ్మల్ని?"

"మామిడి మండీవాళ్ళు సార్."

"వాళ్ళకు రుణపడి ఉండండి. గుండెకు పోయే రక్తనాళాల్లో రెండు సోట్ల అడ్డం ఉండాది. ఇంకో వారం ఆగుంటే కష్టమయ్యేది. ఈ దినమే చేరిపోండి."

నవీన గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.  జయచంద్రకు ప్రాణం గురించి భయం వేసింది. దాని వెనకే ఇంకో భయం వచ్చింది. ఈ సంగతి బయటపడితే మిగిలిన నూట పద్దెనిమిది మందీ రాత్రికి రాత్రే పోతారు. అప్పుడు బతికి బయటపడ్డా తినడానికేమీ ఉండదు.

స్టెంట్లు వేసిన మర్నాడు మంచం మీది నుంచే నిస్సీని పిలిచాడు.

"నువ్వు సెప్పినట్టే పెట్టమ్మా. అందరికీ ఐదు వేలు. నా పేరొద్దు, దీపం వద్దు."

నిస్సీ రెండు వాక్యాలు రాసింది. సర్వర్ అద్దె పెరిగింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అందరికీ ఐదు వేలు. పది నిమిషాల్లో మునివెంకటప్ప ఫోను వచ్చింది. ఆమె దాన్ని జయచంద్ర చెవికి ఆనించింది.

"బతికించినావప్పా! సచ్చేటోడు యాడన్నా రేటు పెంచుతాడా? మండీలో అందరికీ ఇప్పుడే సెప్పినాను, మావోడు గుండులాగ ఉండాడని. నాలుగున్నర సేసుకో."

"ఐదే అన్నా" అన్నాడు జయచంద్ర. గట్టిగా మాట్లాడవద్దని నర్సు కసిరింది.

"అదీ గొంతంటే!" అని మునివెంకటప్ప మురిసిపోయాడు.

పోయిన ఇరవై రెండు మందీ వారంలోగా తిరిగి వచ్చారు. అంత ధీమాగా అడిగినవాడు నూరేళ్ళుంటాడని పంకజాక్షి మూడేళ్ళ డబ్బు ముందే కట్టేసింది. ఒకటో తేదీకల్లా నూట నలభై మందీ కొత్త రేటే కట్టారు, ఒంట్లో ఎలా ఉందని మాత్రం ఒక్కరూ అడగలేదు.