ఏడో నంబరు మంచం మీద ప్రజాభిప్రాయం

"మనిషి ప్రాణం విషయంలో ఈ ప్రభుత్వం తొందరపడదు" అని మా మంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటనని తొందరగా అన్ని పత్రికలకీ పంపమని నాకు పురమాయించారు.

నేను ఆయన స్టెనోగ్రాఫర్ని. పదకొండేళ్లుగా ఆయన నోట వెలువడిన ప్రతి మాటా నా చేతి మీదుగానే లోకానికి అందింది. ఇన్నేళ్లలో ఆయన ఏ విషయంలోనూ ఇదీ నా అభిప్రాయం అని తేల్చి చెప్పి ఎరగరు. ఉరిశిక్ష ఉండాలా అని అడిగితే "ఉండాలి, కానీ ఎవరికీ నొప్పి కలగకూడదు" అన్నారు. విడాకుల గురించి అడిగితే "కలిసి ఉంటూనే విడిపోవడం మేలు" అన్నారు. రెండు సభల్లోనూ చప్పట్లు. అంతటి మేధావి కాబట్టే నీతికి సంబంధించిన చిక్కుముళ్లన్నీ ఆయన శాఖకి అప్పగించారు.

ఈసారి చిక్కుముడి పట్టుకొచ్చింది ఓ టైలరమ్మ. ఆమె తమ్ముడు సిటీ బస్సు కండక్టర్. టికెట్లు కొడుతూ కొడుతూ మెదడులో నరం చిట్లి కూలిపోయాడు. తొమ్మిది నెలలుగా పెద్దాస్పత్రిలో ఏడో నంబరు మంచం మీద ఉన్నాడు. ఊపిరి మిషన్‌ది. ఇక తెలివి రాదని ముగ్గురు డాక్టర్లు రాసిచ్చారు. వాళ్ల నాన్న కూడా రెండేళ్లు ఇలాగే పడి ఉండి పోయాడట. అది చూసిన కండక్టరు అప్పుడే ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాడు: "నాకా గతి పడితే గొట్టాలు తీసేయండి. నన్ను పోనివ్వండి." కింద సంతకం, తేదీ. ఆస్పత్రివాళ్లు చట్టం అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు అంటూ మంత్రిగారి దగ్గర కాగితం తెచ్చుకోమన్నారు.

"అంటే తమ్ముణ్ణి చంపమంటావా తల్లీ?" అన్నారు మంత్రిగారు.

"చంపమనట్లేదండీ. వాడు అడిగింది చెయ్యమంటున్నా."

"ఎంత గొప్ప మాట! రాసుకో" అన్నారు నాతో. "మరి నీ మరదలేమంటుంది?"

"అది ఒప్పుకోదండీ. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది కదా వదినా అంటుంది."

మంత్రిగారి మొహం వెలిగిపోయింది. ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు! వెతికినా దొరకని ఇల్లు. వెంటనే కమిటీ వేశారు. తత్వశాస్త్రం ప్రొఫెసరు, రిటైరైన జడ్జి, ఒక మతపెద్ద, మతం లేని పెద్ద ఒకరు. ఏర్పాట్లు చూడటానికి మా పార్టీ యువనాయకుడు. ఆయన్ని అందరూ మైకు అంటారు. సభలో ఉన్నా లేకపోయినా ఆయన గొంతు ఒకే ఎత్తులో ఉంటుంది.

కమిటీ కూర్చునే హాల్లో మైకు అక్కగారి పక్షానికి నీలం కుర్చీలు, భార్యగారి పక్షానికి పసుపు కుర్చీలు వేయించాడు. తీరా చూస్తే ఆడవాళ్లిద్దరూ ఒకే బస్సు దిగి వచ్చారు. చేతిలో ఒకటే అన్నం డబ్బా.

"మీరిద్దరూ వైరి పక్షాలమ్మా! ఒకే డబ్బాలో తింటే జనానికి ఏం సందేశం వెళ్తుంది?" అన్నాడు మైకు.

"ఇంట్లో ఇంకో డబ్బాకి మూత లేదు బాబూ" అంది భార్య.

ప్రొఫెసరుగారు లేచారు. "ఊపిరి తీసుకోవడం వేరు. ఊపిరి తీసుకోబడటం వేరు. ఇక్కడ అసలు ప్రశ్న, ఊపిరి తీస్తున్నదెవరు?"

"మిషనండీ" అంది భార్య.

ప్రొఫెసరుగారు ఆ జవాబు రాసుకుని కూర్చున్నారు.

మూడో సమావేశం మంచం పక్కనే పెట్టారు. రోగిని కూడా ఒక పక్షంగా గుర్తించకపోతే అన్యాయమని జడ్జిగారి వాదన. ఆయన కండక్టరుని మూడుసార్లు పేరు పెట్టి పిలిచి, "సాక్షి మౌనం వహించారు" అని నాచేత రాయించారు. ఆ మౌనం తమకే అనుకూలమని మతపెద్ద అన్నారు. కాదు తమకే అని మతం లేని పెద్ద అన్నారు. నర్సు వచ్చి అందర్నీ బయటికి తరిమింది.

ఈలోగా ఊళ్లో ఊరేగింపులు మొదలయ్యాయి. పొద్దున "పోనివ్వండి" అని ఒకటి, సాయంత్రం "పోనివ్వకండి" అని ఒకటి. పొద్దున గొంతు చించుకున్నవాళ్లే సాయంత్రానికి కనబడేసరికి మైకుని అడిగాను. "మన దగ్గర ఉన్నవాళ్లే ముప్పై మంది సార్. ప్రజాస్వామ్యమన్నాక సర్దుకోవాలి" అన్నాడు. నిజమే కదా.

ఓ సాయంత్రం కమిటీ కాగితాల మీద వాళ్లిద్దరి సంతకాల కోసం ఆస్పత్రికి వెళ్లాను. వరండా బల్ల మీద వదినామరదళ్లు కూర్చుని ఉన్నారు. టైలరమ్మ స్కూలు గౌనుకి అంచు కుడుతోంది. పక్కనే ఆమె మరదలు సూదిలో దారం ఎక్కిస్తోంది.

"నిన్న గోళ్లు తీశాను వదినా" అందామె. "ఇదివరకు కాస్త లోపలికి తెగితే ఇల్లెగిరిపోయేలా అరిచేవారు. నిన్న రక్తం వచ్చింది. కనురెప్ప కూడా కదల్లేదు."

టైలరమ్మ కుట్టడం ఆపింది. "నేను నిన్ను తొందరపెట్టను పిల్లా. నువ్వు వద్దంటే ఆ నోట్‌బుక్ నేనే పొయ్యిలో పెడతా."

"వద్దు. ఆయన రాసుకున్నదే కదా." దారం సూదిలోకి వెళ్లలేదు. తడిచేసి మళ్లీ పెట్టింది. "పాపకి శుక్రవారంతో పరీక్షలు అయిపోతాయి. శనివారం ముగ్గురం లోపలికి వెళ్దాం. ఒక చెయ్యి నేను పట్టుకుంటా, ఒక చెయ్యి మీరు పట్టుకోండి. పాప వాళ్ల నాన్నకి ఏదో చెప్పాలంటోంది."

నేను సంతకాలు అడగకుండానే వచ్చేశాను. ఎందుకో తెలీదు.

మర్నాడు ఇద్దరూ కలిసి మంత్రిగారి దగ్గరికొచ్చారు. మాలో మేం ఒక మాటకొచ్చాం, శనివారానికి అనుమతి ఇప్పించండి అన్నారు.

మంత్రిగారు అంత కంగారు పడగా నేనెప్పుడూ చూళ్లేదు. "ఒక మాటకొచ్చారా? ఎవర్నడిగి? ఇది ఇప్పుడు మీ ఇంటి విషయం కాదమ్మా. అటూ ఇటూ కలిపి నలభై వేల సంతకాలు వచ్చాయి. వాళ్లకి నేనేం సమాధానం చెప్పను?"

"వాళ్లెవరూ మావాళ్లు కాదండీ" అంది టైలరమ్మ.

"అందుకే వాళ్లు నిష్పక్షపాతులు" అన్నారాయన. అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పారు, టైపు చేశాను. తుది నిర్ణయం వెలువడేవరకు సదరు యంత్రం శాఖ అధీనంలో ఉండును, దానిని ఎవరూ ముట్టరాదు. చక్కటి వాక్యం. వార్డు గుమ్మం దగ్గర ఓ కానిస్టేబుల్‌ని కూడా వేశారు.

"శనివారానికి నిర్ణయం వస్తుందాండీ?" అని అడిగింది మరదలు.

"ఏ శనివారం అన్నది కూడా పరిశీలనలో ఉందమ్మా."

గురువారం సాయంత్రం నాలుగింటికి మంత్రిగారు పక్క ఊళ్లో కొత్త ఆస్పత్రి ప్రారంభించాలి. గోడలకి రంగులు ఆరాయి. మంచాలొచ్చాయి. మిషన్లు రాలేదు. మైకు పొద్దున్నే పెద్దాస్పత్రికి పరుగెత్తాడు. "ఉత్త మంచాలతో ఫోటో తీస్తే లాడ్జి అనుకుంటారండీ జనం" అన్నాడు. సూపరింటెండెంటు జాబితా మొత్తం తిరగేశారు. అన్ని మిషన్లకీ ఎదురుగా రోగి పేరుంది. ఒక్కదానికి మాత్రం మా శాఖ పేరుంది.

"ఎవరూ ముట్టకూడదని ఆర్డరుంది సార్" అన్నాడు కానిస్టేబుల్.

"ఎవరూ అంటే జనం. మేం శాఖ" అన్నాడు మైకు.

పది ఇరవైకి మిషన్ వ్యాన్ ఎక్కింది. పది నలభైకి కండక్టరు పోయాడు. ఆ టైముకి పాప లెక్కల పరీక్ష రాస్తోంది. వాళ్లమ్మ స్కూలు గేటు దగ్గర ఉంది. టైలరమ్మ షాపులో ఎవరికో కొలతలు తీస్తోంది. వాళ్లకి కబురు మధ్యాహ్నం అందింది. రికార్డులో 'సహజ మరణం' అని రాశారు. కమిటీకి ఇంకో మూడు నెలల గడువు పొడిగించారు.

నాలుగింటికి మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, మిషన్ మీద చెయ్యేసి నిలబడ్డారు. కెమెరాలు మెరిశాయి. "ప్రాణం అమూల్యం" అన్నారు. రాసుకున్నాను. అప్పుడాయన కన్ను మిషన్ పక్కభాగం మీద పడింది. అక్కడ అంటించిన ప్లాస్టరు మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో వంకరటింకర అక్షరాలున్నాయి. వంగి, మైక్రోఫోన్‌లో గట్టిగా చదివారు.

"మా నాన్న నిద్రపోతున్నాడు. చప్పుడు చెయ్యకండి."

హాలంతా చప్పట్లు.

"ఎంత చక్కటి నినాదం! ప్రతి మిషన్ మీదా అచ్చేయించండి" అన్నారు మంత్రిగారు. "ఎవరీ పాప? ఇక్కడే ఉందా? పైకి పంపండి, బహుమతి ఇద్దాం."

మైకు నా వైపు చూశాడు. నేను పెన్సిల్ వైపు చూశాను. మంత్రిగారు మాత్రం చిరునవ్వు చెదరకుండా, జనంలోకి చెయ్యి చాచి, ఆ పాప వస్తుందని అలాగే నిలబడ్డారు.