ఎలుగుబంటి గుహలో సలహాల దుకాణం

ఒక పెద్ద అడవిలో ఒక ఎలుగుబంటికి ఉన్నట్టుండి పని లేకుండా పోయింది.

ఆయన పేరు గంభీరయ్య. సింహంగారి వేట కచేరీలో పెద్ద మేనేజరు. జింకలు తగ్గాయని సింహం ఖర్చులు తగ్గించుకుంది. ఒక పూలదండ వేసి, రెండు మంచి మాటలు చెప్పి గంభీరయ్యను ఇంటికి పంపేసింది.

ఇంట్లో ఆయనకు తోచేది కాదు. పొద్దున్నే ఒళ్ళు దువ్వుకుని గుహలో అటూ ఇటూ తిరిగేవాడు.

"నన్ను కలవడానికి ఎవరైనా వచ్చారా?" అని పెళ్ళాం మధురమ్మను అడిగేవాడు.

"వచ్చాయండీ, చెదపురుగులు. లోపలికి పంపమంటారా?" అనేది ఆమె.

అలాంటి రోజుల్లో సుహాసయ్య అనే దుమ్ములగొండి వచ్చింది. దాని మొహం ఎప్పుడూ నవ్వు మొహమే. సంతోషమొచ్చినా నవ్వే, కోపమొచ్చినా నవ్వే. దాని లోపల ఏముందో ఆ దేవుడికే తెలియాలి.

"అయ్యగారూ, తమ అనుభవం మూలన పడి ఉండటమేమిటండీ! మా సలహాల కంపెనీ ఫ్రాంచైజీ తీసుకోండి. ఇంట్లోనే కూర్చోవచ్చు. బోర్డు మాది, పేరు మాది. తమరు నోరు విప్పితే చాలు" అంది.

"మరి మీకేమిటి లాభం?" అని మధురమ్మ అడిగింది.

"ఏముందమ్మా, వచ్చినదాంట్లో చిన్న వాటా. శ్రావణ పున్నమికి అందితే సరి. అందకపోతే ఈ గుహ మేం ఉంచుకుంటాం. అయ్యగారి తెలివికి ఆ మాట వట్టి లాంఛనం!"

బోర్డు మీద తన పేరు ఎంత పెద్దగా ఉంటుందని మాత్రమే గంభీరయ్య అడిగాడు. వెంటనే ఒప్పేసుకున్నాడు.

బోర్డు కట్టిన మర్నాడే వాకిట్లో జనం. తాబేలు వచ్చింది, అడవిపంది వచ్చింది, గోరింక వచ్చింది.

"వచ్చారండీ! పిలవనా?" అని మధురమ్మ ఆత్రంగా లోపలికి పరుగెత్తింది.

"ఆగవే. రాగానే పిలిస్తే పనిలేనివాడనుకుంటారు. కచేరీలో ఎంతటివాణ్ణయినా కాసేపు బయట కూర్చోబెట్టేవాణ్ణి. పెద్దరికమంటే అదే" అన్నాడు గంభీరయ్య. అని, పని లేకపోయినా తీరిగ్గా గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు.

బయట ఎండ ఎక్కుతోంది. ఊరికే కూర్చుంటే ఎవరి నోరు ఊరుకుంటుంది?

"ఏం పనిమీద వచ్చావు తాబేలత్తా?" అంది పంది.

"ఏం చెప్పమంటావు నాయనా! ఎక్కడ గుడ్లు పెట్టినా ఉడుము వాసన పట్టేస్తోంది."

"ఓస్, అంతేనా! నేను పొర్లే బురద పక్కన పెట్టుకో. నా కంపుకి ఉడుమే కాదు, మా సొంత తమ్ముడే రాడు."

తాబేలు నవ్వలేక నవ్వింది. "మరి నీకేమొచ్చింది?"

"వీపంతా పురుగులత్తా. నిద్ర లేదు."

పురుగులనగానే గోరింక చివుక్కున తలెత్తింది. "బావా, పిల్లలకు మేత దొరక్కే నేనిక్కడికి వచ్చాను. ఏదీ, ఇటు తిరుగు!"

లోపల గంభీరయ్య గొంతు సవరించుకుని, "ఆ, రమ్మను!" అన్నాడు.

మధురమ్మ వెళ్ళి చూసింది. వాకిలి ఖాళీ.

మర్నాడు ఇంకా ఎక్కువమంది వచ్చారు. ఆ వాకిట్లో కూర్చుంటే కష్టం తీరిపోతుందని అడవంతా పాకింది మరి. లోపలికి మాత్రం ఎవరూ రాలేదు.

"ఏవండీ, మీకు దండం పెడతాను, రాగానే పిలవండి. పున్నమి దగ్గరపడుతోంది. గుహ పోతే ఈ వానల్లో ఎక్కడ తలదాచుకుంటాం?"

"జనం పెరుగుతున్నారా లేదా? ఇప్పుడు చులకనైతే ఎలా?" అన్నాడాయన. జనం పెరిగేకొద్దీ ఆయన ఇంకాస్త ఎక్కువసేపు కూర్చోబెట్టాడు. అదేం మర్యాదో!

పున్నమికి సుహాసయ్య రానే వచ్చింది. వాకిట్లో తిరునాళ్ళలా ఉన్న జనాన్ని చూసి పళ్ళన్నీ బయటపెట్టింది.

"ఆహా, ఏం బేరం అయ్యగారూ! మా వాటా?"

"బేరమంతా... బయటే అయిపోతోంది" అని నసిగాడు గంభీరయ్య.

సుహాసయ్య నవ్వింది. నవ్వుతూనే లోపలికొచ్చి, ఆయన చోట్లో కాళ్ళు చాపుకుని పడుకుంది.

మొగుడూ పెళ్ళాం మూట చంకనపెట్టుకుని బయటికొచ్చారు. ఎటు పోవాలో తెలియక, జనం చివర ఖాళీగా ఉన్న బండమీద కూలబడ్డారు.

పక్కనున్న ముళ్ళపంది అడిగింది. "ఏం పనిమీద వచ్చారు బాబూ?"

గంభీరయ్య చంకలో మూట సర్దుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"ఉండటానికి... చోటు కావాలి" అన్నాడు చివరికి.

"అదేనా! మా వాగు గట్టున ఒక గుహ ఉంది. గబ్బిలాల గోలకి ఎవరూ చేరలేదు. మీ గురక వింటే అవే లేచిపోతాయి."

'ఆలోచించి చెబుతాను' అనబోయాడు గంభీరయ్య. మధురమ్మ తొడపాశం పెట్టింది.

"ఎటువైపమ్మా?" అని ముళ్ళపందిని అడుగుతూ లేచాడు.

"తర్వాత ఎవరు? లోపలికి రండి!" అని గుహలోంచి సుహాసయ్య తియ్యగా పిలిచింది. ఒక్కరూ తల తిప్పలేదు. కబుర్లు మంచి రసపట్టులో ఉన్నాయి.

కాబట్టి, సలహా కావలసినవాళ్ళు తప్పకుండా పెద్ద కన్సల్టెంటు దగ్గరికే వెళ్ళాలి. లోపలికి మాత్రం వెళ్ళకూడదు.