బూడిద పట్టే మిషన్ ప్రారంభోత్సవం

మానవ హక్కులు ఎక్కడ పుట్టాయో పండితులు తేల్చుకోనీ, అవి దిక్కులేక తిరుగుతుంటే చేరదీసి, కడుపునిండా ఉపన్యాసాలు పెట్టి పెంచింది మాత్రం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పౌర సమాజ బలోపేత సమాఖ్యే! ఈ మాట నేను అనడం లేదు. నేను రాసిస్తే మా అధ్యక్షుడు ఓంప్రకాష్ గారు ప్రతి సభలోనూ అంటారు. నా పేరు తిరుమలేష్. సమాఖ్య ప్రచార కార్యదర్శిని. సూర్యాపేటలో ఫ్లెక్సీల దుకాణం నాదే కాబట్టి ఆ పదవికి నాకంటే అర్హుడు దొరకలేదు.

ఓంప్రకాష్ గారిది మిర్యాలగూడలో రైస్ మిల్లు, తాతల నాటి ధాన్యం వ్యాపారం. పగలు వడ్లు మర ఆడిస్తారు, సాయంత్రం సుపరిపాలన గురించి మాట్లాడతారు. సూర్యాపేటలో పారదర్శకత మీద సదస్సు పెట్టాం. ఏసీ చల్లదనం బయటికి పోతుందని తలుపులు బిగించి పెట్టాం! కోదాడలో జవాబుదారీతనం మీద పెట్టాం. అక్కడ భోజనాలు చల్లారిపోతాయని జనాన్ని ప్రశ్నలు అడగనివ్వలేదు. రెండూ దిగ్విజయమని పేపర్లో వచ్చింది. రాసింది నేనే.

అంతా సాఫీగా పోతుండగా అమూల్య మేడమ్ వచ్చిపడ్డారు. హైదరాబాద్‌లో ఉంటారు. పౌర సంఘాలు పనిచేస్తున్నాయో లేదో చూసి మార్కులు వేసే పెద్దావిడ. ఆమె తలూపితే మాది ‘ఆదర్శ సమాఖ్య’ అయిపోతుంది. ఆమె ఫోన్‌లో అడిగింది చాలా చిన్న కోరిక.

“ఫంక్షన్ హాలు వద్దండీ. ప్రజల మధ్యనే సభ పెట్టండి. మీ వల్ల మేలు పొందిన ఒక్క మనిషి చేత మాట్లాడించండి, చాలు.”

ఒక్క మనిషి! కార్యవర్గమంతా తలలు పట్టుకుని వెతికాం. మా వల్ల మేలు పొందినవాళ్లలో టెంట్‌హౌస్ యజమాని ఉన్నాడు, శాలువాలమ్మే ఆయన ఉన్నాడు, నేనున్నాను. ప్రజల్లోంచి మాత్రం ఎవరూ తగల్లేదు.

“ప్రజలు మన మిల్లు ఎనకనే ఉన్నరు కదవయ్యా!” అన్నారు ఓంప్రకాష్ గారు. “గా కాలనీలనే టెంటు ఏద్దాం. లింగమ్మతోని మాట్లాడిద్దాం.”

లింగమ్మ నాట్లకూ కోతలకూ పోయే మనిషి. మిల్లు వెనక రెండు గదుల ఇంట్లో మనవరాలు దీపతో ఉంటుంది. మిల్లులో బాయిలర్ కింద ఊక మండిస్తారు. ఆ బూడిద గొట్టంలోంచి లేచి కాలనీ మీద పడుతుంది. ఆరేసిన బట్టల మీద, ఉడికే కూర మీద, మంచంలో పిల్లల మీద పడుతుంది. కులం, మతం, వయసు చూడదు. సమానత్వమంటే అదీ! కాకపోతే దీపకు ఆయాసం. బూడిద ఎక్కువ పడిన రోజు పిల్ల ఎగరొప్పుతుంది, లింగమ్మ దాన్ని భుజానేసుకుని దవాఖానకు పరుగెత్తుతుంది. డాక్టరు మందులిచ్చి, “ఆ బూడిద లేకుండా చూసుకో” అంటాడు. లింగమ్మ మిల్లు గేటు దగ్గరికి వచ్చి మొత్తుకుంటుంది.

ఓంప్రకాష్ గారు ఏనాడూ కసురుకోలేదు. మానవ హక్కుల మనిషి కదా! “బూడిద పట్టే మిషన్ ఆర్డర్ పెట్టిన లింగమ్మా. కోయంబత్తూర్ నుంచి రావాలె. జర ఓపిక పట్టు” అని చల్లగా చెప్పేవారు.

“ఎప్పటిసంది వస్తున్నది సేటూ! నడుసుకుంట వస్తున్నదా ఏంది?” అనేది లింగమ్మ.

ఆమెను సభకు ఒప్పించే భారం నా మీద పడింది.

“మేడమ్ ముంగట సమాఖ్యకు ఒక దండం పెట్టాలె లింగమ్మా. మీ వల్ల మేలైందని చెప్పాలె.”

“ఏం మేలైంది?”

“ముందుగాల దండం పెట్టు. మేలు ఎనక అయితది.”

“నీ నోరు పాడుగాను! దండాలు పెట్టి పెట్టి నా రెక్కలు పోయినయి. అయినా పెడ్త తియ్. పొల్ల పాణం కోసం ఏమన్న చేస్త.”

సభకు ముందురోజు తెల్లటి టెంటు వేశాం, తెల్లటి కుర్చీ గుడ్డలు తొడిగాం. మధ్యాహ్నానికల్లా టెంటు బూడిద రంగుకు తిరిగింది. నేను ప్రాణం పెట్టి వేయించిన ఫ్లెక్సీ మీద అధ్యక్షుల వారి నవ్వు నల్లబడిపోయింది. ఆయన పైకి చూశారు, తన తెల్ల చొక్కా వైపు చూసుకున్నారు, వెంటనే మిల్లుకు ఫోన్ కొట్టారు.

“మిషన్ ఆన్ చెయ్యుండ్రి. మేడమ్ పొయ్యేదాంక బందు పెట్టొద్దు.”

“ఏ మిషన్ సార్?” అన్నాను.

“నీ ఫ్లెక్సీ తుడుసుకో పో.”

తుడుచుకున్నాను. అడగకుండా ఉండటమే ప్రచార కార్యదర్శి మొదటి అర్హత.

మర్నాడు పొద్దున్నే కాలనీ జనమంతా బయటికొచ్చి పైకి చూస్తూ నిలబడ్డారు. మిల్లు నడుస్తోంది, గొట్టంలోంచి సన్నగా తెల్లటి పొగ పోతోంది, బూడిద మాత్రం లేదు! సభ మొదలైంది. జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛాలు, అధ్యక్షోపన్యాసం. పౌర సమాజం మేల్కొంటే పాలకులు నిద్రపోలేరని ఓంప్రకాష్ గారు గర్జిస్తుంటే ముందు వరసలో మా కోశాధికారి కునుకు తీస్తున్నాడు. తర్వాత లింగమ్మ పిల్లను చంకనెత్తుకుని మైకు ముందుకు వచ్చింది.

“అందరికి దండాలు. పెట్టుమన్నరు, పెడ్తున్న” అంది. జనం ఘొల్లుమన్నారు. నేను నుదురు కొట్టుకున్నాను.

“నిన్న సందెల నుంచి బూడిద పడ్తలేదు మేడమ్. నా మనుమరాలు దగ్గకుంట పండుకున్నది. దగ్గు ఇనపడకపోతే నాకు భయమైంది. మాటిమాటికి లేసి ముక్కు కాడ శెయ్యి పెట్టి సూసిన, ఊపిరి ఉన్నదా లేదా అని!” కొంగుతో ముక్కు తుడుచుకుని మిల్లు వైపు చెయ్యి చూపింది. “మిల్లేమో నడుస్తనే ఉన్నది. మరి బూడిద ఏడికి పోయినట్టు? సేటు చెప్పాలె.”

అమూల్య మేడమ్ అధ్యక్షుల వారి వైపు తిరిగారు. ఆయన నాయకుడు ఊరికే అయ్యారా! లేచి చేతులు జోడించారు.

“కోయంబత్తూర్ మిషన్ నిన్ననే దిగింది మేడమ్! మీ చేతుల మీదుగ ప్రారంభోత్సవం చేద్దామని ఎవ్వలికి చెప్పలే. ఇది లింగమ్మ లాంటి పౌరుల విజయం!”

అందరికన్నా ముందు నేను చప్పట్లు కొట్టాను. లింగమ్మ కళ్లనీళ్లతో ఆయనకు మళ్లీ దండం పెట్టింది. ఈసారి ఎవరూ పెట్టమనలేదు.

సభంతా మిల్లుకు తరలింది. నేను రిబ్బన్ తెప్పించాను. ఓంప్రకాష్ గారింట్లో కారైనా, కాటా అయినా, కొత్తది ఏదొచ్చినా తల్లి కన్యకమ్మ గారు హారతి ఇవ్వందే మొదలుపెట్టరు. ఆమె కోసం కారు పంపారు.

“అమ్మగారెందుకు సార్, ఈ ఎండల?” అన్నాను చిన్నగా.

“హారతి లేకుంటే అరిష్టమయ్యా. అమ్మకు మిషన్ల సంగతి ఏం ఎరుక? హారతి ఇచ్చి ఇంటికి పోతది.”

కన్యకమ్మ గారు పట్టుచీర కట్టుకుని, హారతి పళ్లెం పట్టుకుని, మెల్లగా రేకుల షెడ్డులోకి వచ్చారు.

“ఏదిరా కొత్త మిషన్?”

“ఇదేనమ్మా.”

ఆమె కళ్లజోడు సర్దుకుని చూశారు. “దీనికి మళ్ల హారతేందిరా ప్రకాషూ? దసరా దసరాకు ఇస్తనే ఉన్న కద!”

ఓంప్రకాష్ గారు గబుక్కున ఆమెకు అడ్డం వచ్చారు.

“అమ్మా, నువ్వు పూజ చేసింది వేరేదమ్మా...”

“వేరేదా? నా చేతి బొట్టు నాకు తెల్వదా?” ఆమె మిషన్ పక్కకు నడిచారు. మేమంతా వెనకే వెళ్లాం. అటువైపు రేకు మీద పసుపు, కుంకుమ బొట్లు ఏ దసరాకా దసరా వరసగా ఉన్నాయి. కింద ఎండిన బంతిపూల దండ వేలాడుతోంది. పెద్దావిడ ముచ్చటగా మేడమ్‌కు చెప్పుకొచ్చారు.

“మిల్లుల ఇంత నెమ్మదైన మిషన్ ఇంకోటి లేదు తల్లీ! మిగిలినయిటికి బొట్టు పెడితే తెల్లారేసరికి నూనెకు, దుమ్ముకు పోతది. దీని బొట్టు ఏడాది దాంక చెక్కుచెదరదు. నడిపిస్తే కద పొయ్యేది!”

లింగమ్మ ముందుకు వచ్చింది. ఆమె కోపానికి మేమంతా రెండడుగులు వెనక్కి వేశాం.

“మిల్లుల మిషన్ పెట్టుకొని నా పిల్లను ఇన్నేండ్లు దగ్గిచ్చినవా సేటూ? అర్ధరాత్రి దాన్ని ఎత్తుకొని ఉరుకుతుంటే నీ మిల్లు లైట్ల ఎలుగులనే ఉరికిన! నీకు మనసెట్లొప్పింది?”

“కరెంటు మస్తు తింటదని...” అన్నారు ఓంప్రకాష్ గారు. మైకు లేకపోతే ఆయన గొంతు అంత చిన్నదని నాకు ఆ రోజే తెలిసింది.

కన్యకమ్మ గారు పిల్లను చూశారు, కొడుకును చూశారు. హారతి పళ్లెం కింద పెట్టేశారు.

“పూజ చేయించుకొని పని చెయ్యకుంట కూసోవెట్టినవా దీన్ని? నా పూజ గిందుకా? ఇగ సూడు ప్రకాషూ, ఈ మిషన్ మళ్ల బందైతే వచ్చే దసరాకు నేను మిల్లుల అడుగు పెట్ట. బొట్లు నువ్వే పెట్టుకో, కొబ్బరికాయ నువ్వే కొట్టుకో!”

రాజ్యాంగాన్ని తడుముకోకుండా వల్లించిన మనిషి, లింగమ్మ మొరకు చలించని మనిషి, ఆయుధ పూజ ఆగుతుందనేసరికి కళ్లు తేలేశాడు! అక్కడికక్కడే స్విచ్చి మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు.

అమూల్య మేడమ్ నన్ను అడిగారు. “ఈ అమ్మగారు మీ సమాఖ్య సభ్యురాలా?”

“కాదండీ.”

“లింగమ్మ?”

“కాదండీ.”

ఆమె మా బిర్యానీ ముట్టకుండా కారెక్కి వెళ్లిపోయారు. ఆదర్శ సమాఖ్య ఊసు మళ్లీ రాలేదు.

మిషన్ మాత్రం నడుస్తోంది. దీప ఇప్పుడు కాలనీ పిల్లలతో ఉరుకులాడుతోంది. అది పౌర సమాజ సమష్టి పోరాట ఫలితమని నేను పేపర్లకు రాసిచ్చాను, వేశారు కూడా.

తర్వాత వారమే కోదాడలో అత్యవసర కార్యవర్గ సమావేశం జరిగింది. సభ్యుల తల్లులను ఇకమీదట సభలకు గానీ, ప్రారంభోత్సవాలకు గానీ పిలవరాదని అధ్యక్షుల వారు ప్రతిపాదించారు. నేను బలపరిచాను. ఇది హక్కుల ఉల్లంఘన కాదా అని ఒక్కరూ నోరెత్తలేదు. చెయ్యెత్తమంటే మా వాళ్లు రెండు చేతులూ ఎత్తారు. మా అందరికీ అమ్మలున్నారు మరి!