ఇసుక సమస్యకు శాశ్వత పరిష్కారం

రాష్ట్ర తీరప్రాంత సౌభాగ్య శాఖ మంత్రి కామాక్షయ్యగారు నెల్లూరులోని తన క్యాంపు ఆఫీసుకు పత్రికల వాళ్ళను పిలిపించి, ఇసుక సమస్యకు శాశ్వత పరిష్కారం కనుగొన్నట్టు ప్రకటించారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం వణికింది. చరిత్రలో నిలిచిపోయే మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు వణకడం మామూలే. బస్టాండులో మరుగుదొడ్డి ప్రారంభించిన రోజున కూడా వణికింది.

నేను జిల్లా పేజీకి వార్తలు రాసే విలేకరిని. మంత్రిగారి ప్రకటనలు రాయడమే నా పని కాబట్టి ముందు వరుసలో కూర్చున్నాను. వెనకాల గోడవారగా పులికాటు సరస్సు అంచునున్న మొగకుప్పం జనం కొందరు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ఊరి పెద్ద చిన్నపోలయ్య, పక్కన ఆయన భార్య అంకాలమ్మ. సముద్రపు నీళ్ళు సరస్సులోకి వచ్చే దారిని వాళ్ళు మొగ అంటారు. ఆ మొగ ఇసుకతో పూడిపోయింది. పోటు నీళ్ళు లోపలికి రావడం లేదు, నీళ్ళతోపాటు రావలసిన రొయ్యా చేపా రావడం లేదు. ఆ ఇసుక తీయించమని అడగడానికి వాళ్ళు ప్రతి సోమవారం బస్సెక్కి వస్తున్నారు. అందువల్ల మంత్రిగారి నోట ఇసుక అనే మాట రాగానే చిన్నపోలయ్య లేచి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మిగతా వాళ్ళు చప్పట్లు కొట్టారు. అంకాలమ్మ కళ్ళు తుడుచుకుంది.

చప్పట్లు ఆగాక మంత్రిగారు బల్ల మీది పట్టుగుడ్డ తొలగించారు. దాని కింద దోసెల పెనమంత గుండ్రటి వస్తువొకటి ఉంది.

"రోబో వాక్యూమ్ క్లీనర్," అన్నారు మంత్రిగారు. "తీరప్రాంత ప్రజలు నా దగ్గరికి ఎంతో ప్రేమతో వస్తారు. వస్తా వస్తా కాళ్ళకు ఇసుక తెస్తారు. ఆ ఇసుకను ఇకమీదట మనిషి చెయ్యి ముట్టదు. చీపురు అనేది ఫ్యూడల్ వ్యవస్థ మిగిల్చిపోయిన గుర్తు. రేపటి నుంచి నా ఆఫీసులో చీపురు కనబడదు."

చిన్నపోలయ్య ఇంకా దండం పెట్టుకునే ఉన్నాడు. అంకాలమ్మ అతని మోచెయ్యి పట్టి కిందికి లాగింది.

"మొగలో ఇసక కాదంట. మన కాళ్ళ ఇసకంట. చేతులు దించు," అంది.

మర్నాడు రోబో విధుల్లో చేరింది. వరండాలో మొజాయిక్ నేల మీద అది బ్రహ్మాండంగా తిరిగింది. హాల్లోకి పోయే గడప దగ్గర మాత్రం ఆగింది. టేకు గడప, కాస్త ఎత్తు. రోబో దానికి తల కొట్టుకుని, వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి తల కొట్టుకుంది.

"గడపకు మొక్కుతా ఉంది సార్," అన్నాడు మంత్రిగారి పీఏ ముఖేష్.

మంత్రిగారు కాసేపు ఆ భక్తిని కళ్ళారా చూశారు. అయినా అది ఎంతకీ లోపలికి రాకపోవడంతో కంపెనీ ఇంజనీరును పిలిపించారు. ఇంజనీరు పేరు జడ్సన్. నెల్లూరు కుర్రవాడే. ఇంత ఎత్తు గడప అది ఎక్కలేదని అతను చెప్పాడు. వెంటనే వడ్రంగి వచ్చి గడప కోసేశాడు. గడప కోయడం అరిష్టమని అంతకుముందు చెప్పిన వాస్తు సిద్ధాంతిగారు సాయంత్రం వచ్చి, ఆ నియమం మంత్రుల గడపలకు వర్తించదని సెలవిచ్చారు.

హాల్లో నేల నల్ల గ్రానైటు. అద్దంలా మెరుస్తుంది. రోబో ఆ నలుపు అంచుదాకా వచ్చి, నిలబడి, ఎర్రదీపం వెలిగించి వెనక్కి తిరిగింది.

"దానికేందయ్యా జబ్బు?" అన్నారు మంత్రిగారు.

"జబ్బు కాదు సార్," అన్నాడు జడ్సన్. "మెట్ల మీద నుంచి కింద పడకుండా దానికి సెన్సర్లు పెట్టి ఉంటారు. నల్లటి నేలను చూస్తే దానికి గొయ్యి అనిపిస్తాది."

"నా ఆఫీసు దానికి గొయ్యిగా కనబడిందా?"

ముఖేష్ ముందుకు వచ్చాడు.

"లోతు సార్. మీ ఆఫీసులో లోతుందని దాని ఉద్దేశం."

మంత్రిగారి ముఖం విప్పారింది. 'మంత్రి లోతును పసిగట్టిన యంత్రం' అని నేను ఆ పూటే వార్త పంపాను. పత్రికలో బాక్సు కట్టి వేశారు.

గొయ్యి కనబడకుండా గ్రానైటు మొత్తం మీద మీగడ రంగు తివాచీ పరిచారు. తివాచీ అంచు కుచ్చులు రోబో నోట్లో చిక్కుకుని దానికి ఊపిరాడలేదు. ఇద్దరు అటెండర్లు నేల మీద కూర్చుని కత్తెర్లతో కుచ్చులన్నీ కత్తిరించారు. ఒక ప్రభుత్వ శాఖ సిబ్బంది అంత దీక్షగా పనిచేయడం నేను చూడడం అదే మొదలు. తర్వాత అది మంత్రిగారి సోఫా కిందికి దూరి ఇరుక్కుపోయింది. సోఫా కాళ్ళ కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచారు. అప్పటి నుంచి మంత్రిగారు కూర్చుంటే ఆయన పాదాలు నేలకు ఆనడం లేదు. చూడవచ్చిన అధికారులందరూ, ఆయన ఇదివరకటి కన్నా ఉన్నతంగా కనబడుతున్నారని ఏకగ్రీవంగా చెప్పారు.

ఇక మిగిలింది జనం కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలు. రోబో వాటి కాళ్ళ మధ్యకు పోయి దారి తెలియక అక్కడే తిరుగుతోంది.

"కుర్చీలు తీసేయండి," అన్నారు మంత్రిగారు.

"పబ్లిక్ ఎక్కడ కూర్చుంటారు సార్?" అన్నాడు ముఖేష్.

"వాళ్ళు కూర్చోడానికి రారు. కష్టం చెప్పుకోడానికి వస్తారు. కూర్చుంటే కష్టం ఎట్టా తెలుస్తాది?"

తర్వాతి సోమవారం మొగకుప్పం వాళ్ళు వచ్చి తివాచీ మీద వరసగా నిలబడ్డారు. చిన్నపోలయ్యకు మోకాళ్ళ నొప్పులు. కాసేపు ఒక కాలి మీద, కాసేపు ఇంకో కాలి మీద బరువు మోపుతున్నాడు. రోబో వాళ్ళ మధ్య తిరుగుతోంది. ముఖేష్ ఫోనులో దాని దారి చూస్తున్నాడు.

"ఎవరూ కదలబాకండి. రూము మ్యాప్ తయారవతా ఉంది. పెద్దాయనా, నిన్నే."

చిన్నపోలయ్య కదలకుండా నిలబడ్డాడు. రోబో వచ్చి అతని పాదానికి తగిలి పక్కకు తప్పుకుపోయింది. ముఖేష్ మురిసిపోయి ఫోను నాకు చూపించాడు.

"చూడన్నా, ఎంత తెలివో. వీళ్ళందర్నీ ఫర్నిచర్ కింద రాసుకునింది."

"ఏమని రాసుకునిందంట?" అని అంకాలమ్మ అడిగింది.

"మీరంతా కుర్చీలూ బల్లలూ అనుకునిందమ్మా."

"అనుకోనీలే నాయనా. ఈ ఇంట్లో మేము ఉండామని కనుక్కునింది అదొక్కటే."

ఇంతలో మంత్రిగారు వచ్చారు. అంకాలమ్మ వరస తప్పి ఆయన ముందుకు పోయింది. మ్యాప్ చెడిపోయిందని ముఖేష్ తల పట్టుకున్నాడు.

"సామీ," అంది ఆమె. "మొగ పూడిపోయిండాది. సరస్సు ఎండిపోతా ఉంది. మా పిల్లోడు ఆదెయ్య వలలు చుట్టి మూల పడేసి, తడ పక్కన కంపెనీలో పెట్టెలు మోస్తా ఉండాడు. ఊళ్ళో వయసు పిల్లోళ్ళంతా అట్టానే పోయినారు. ఇంకొక ఎండాకాలం ఇట్టా గడిస్తే ఊరనేది ఉండదు. మొగలో ఇసక తీయించండి సామీ."

మంత్రిగారు కళ్ళు మూసుకుని విన్నారు. ప్రజల కష్టం ఆయన కళ్ళు మూసుకునే వింటారు. ఆ భంగిమలో ఫోటోలు కూడా బాగా వస్తాయి. ఆమె మాట ఆగగానే కళ్ళు తెరిచారు.

"ఇసుక తీయాల. అంతేనా?"

"అంతే సామీ."

"ముఖేష్, మొగకుప్పానికి ఇసుక తీసే యంత్రం మంజూరు చేసినా. రాసుకో."

చిన్నపోలయ్య ఆయన కాళ్ళ మీద పడబోయాడు. అదే సమయానికి రోబో కూడా అక్కడికి వచ్చింది.

"పెద్దాయనా, కొంచెం ఆగు. అది పోయినాక పడుదువు," అన్నాడు ముఖేష్.

చిన్నపోలయ్య వంగినవాడు వంగినట్టే ఆగి, అది పోయాక మంత్రిగారి పాదాలు తాకాడు. బయటికి రాగానే కొడుక్కి ఫోను చేశాడు. ముసలాయన గొంతు అంత పెద్దగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఒరే ఆదెయ్యా, మిషన్ వస్తా ఉంది. మంత్రిగారు నోటితో చెప్పినాడు. నువ్వొచ్చేసెయ్. పడవకు రంగేసుకో."

ఆదెయ్య వచ్చేశాడు. మధ్యలో మానేస్తే మళ్ళీ పనిలోకి తీసుకునేది లేదని సూపర్‌వైజరు చెప్పినా వినకుండా సంచి భుజాన వేసుకుని వచ్చాడు. పడవకు నీలం రంగు వేశాడు, చిరుగులు పడిన వల ముందరేసుకుని అల్లాడు. ఇసుక తవ్వే మిషన్ అంటే పెద్ద ట్రైలరు మీద వస్తుందని ఎవరో చెప్పారు. ఊరంతా కలిసి దారికి అడ్డమున్న తుమ్మచెట్లు కొట్టారు, గుంతల్లో ఆల్చిప్పల గుల్ల పోసి తొక్కారు. మొగ ఒడ్డున మిషన్ దించడానికి చోటు చాలదేమోనని పడవలన్నీ దూరంగా లాగారు. అంకాలమ్మ ఆడవాళ్ళను వెంటబెట్టుకుపోయి గ్రామదేవతకు పొంగలి పెట్టింది.

యంత్రం వచ్చే రోజున నేనూ అక్కడికి వెళ్ళాను. డప్పులు మోగుతుండగా రెండు కార్లు వచ్చి ఆగాయి. ముఖేష్, జడ్సన్, ఇంకా ఒకరిద్దరు అధికారులు దిగారు.

"మిషన్ ఎనకమాల వస్తా ఉందా సార్?" అని ఆదెయ్య అడిగాడు.

ముఖేష్ కారు వెనక సీటు మీద నుంచి అట్టపెట్టె ఒకటి తీసి, రెండు చేతులతో చిన్నపోలయ్యకు అందించాడు. ఫోటో తీసుకునేదాకా వదలలేదు. డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. ఆదెయ్య ఇంకా కార్ల వెనక దారిలోకే చూస్తున్నాడు.

పెట్టె విప్పి రోబోను మొగలో ఇసుక మీద పెట్టారు. చక్రాలు ఒకసారి గిర్రున తిరిగి ఇసుకలో కూరుకుపోయాయి. తనను చదునైన నేల మీద పెట్టమని అది ఇంగ్లీషులో మర్యాదగా అడిగింది.

"నేను ముందే చెప్పినాను సార్," అన్నాడు జడ్సన్ ముఖేష్‌తో. "ఇది ఇంట్లో దుమ్ము తీసేది. ఇసుకలో నడవదు. దీనికి గట్టి నేల కావాల."

ముఖేష్ మంత్రిగారికి ఫోను చేసి స్పీకరు పెట్టాడు.

"నేల కావాలంటే నేల వేయండి," అంది మంత్రిగారి గొంతు. "ఇంత చిన్న విషయానికి నన్ను అడగాల్నా? మొగ మీద టైల్స్ పరిపించండి. లేత రంగువి తీసుకోండి. నలుపైతే దానికి గొయ్యి అనిపిస్తాది."

"సామీ," అన్నాడు చిన్నపోలయ్య ఫోను దగ్గరికి వంగి. "మాకు నేల వద్దు సామీ. నీళ్ళు రావాల. దారి తవ్వించండి, సాలు."

"ఎవరయ్యా మధ్యలో మాట్లాడేది?"

"ఎవరూ లేరు సార్," అన్నాడు ముఖేష్. "లబ్ధిదారులు."

తెల్లవారి ఆదెయ్య తడ కంపెనీకి పోయాడు. అతని చోట్లో వేరేవాణ్ణి పెట్టుకున్నామని గేటు దగ్గరే చెప్పి పంపించేశారు. తిరిగొచ్చేసరికి కాంట్రాక్టరు టైల్స్ దించి ఉన్నాడు. కూలీలు కావాలన్నాడు. ఆదెయ్య తువ్వాలు తలకు చుట్టుకుని పనిలో దిగాడు. తాతముత్తాతల నాటి నుంచి పడవలు నడిచిన మొగ మీద సిమెంటు పోసి, మట్టం చూసి, ఒక్కొక్క టైలే పరిచాడు. చిన్నపోలయ్య ఒడ్డున నీలం పడవ నీడలో కూర్చుని చూస్తూ ఉండేవాడు. మొగుడికి అన్నం తెచ్చినప్పుడు అంకాలమ్మ ఆ వైపు తిరిగేది కాదు.

ఒకసారి నేను అక్కడికి పోయినప్పుడు తండ్రీకొడుకుల మాట వినబడింది.

"వొంకర లేకుండా బానే పరిచినావు," అన్నాడు చిన్నపోలయ్య.

"నీళ్ళొస్తే లేచిపోతాయి నాయనా," అన్నాడు ఆదెయ్య.

"వస్తే గదా," అన్నాడు ముసలాయన.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. షామియానా వేశారు. 'ఇసుక లేని మొగ, దేశంలోనే మొదటిసారి' అని ఫ్లెక్సీలు కట్టారు. తెల్లటి టైల్స్ ఎండకు తళతళలాడుతున్నాయి. రోబో వాటి మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఎక్కడా ఆగకుండా తిరిగింది. దానికి అడ్డం రావడానికి అక్కడ గడపా లేదు, కుర్చీ లేదు, పడవా లేదు. మంత్రిగారి గొంతు వణికింది. తీరమంతటా ఎక్కడెక్కడ మొగలున్నాయో అక్కడల్లా ఈ పథకం అమలుచేస్తామని ఆయన చెప్పగానే అధికారులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ లేచాను.

లబ్ధిదారుల తరపున మంత్రిగారికి పూలమాల వేయడానికి అంకాలమ్మను పిలిచారు. ఆమె రానంది. ముఖేష్ పోయి, అక్కా అక్కా అని బతిమాలి, చేతిలో మాల పెట్టి తీసుకొచ్చాడు. టైల్స్ అంచు దాకా వచ్చాక ఆమె పాదాల వైపు చూసి ఆపాడు.

"అక్కా, తెల్ల టైల్స్ గదా, మరకలు పడతాయి. టీవీల వాళ్ళుండారు. కాళ్ళు కడుక్కుని ఎక్కు."

అంకాలమ్మ మాల పట్టుకుని నిలబడింది. ఒక పక్కకు చూసింది. అటు కనుచూపు మేర సరస్సు అడుగు బీటలు వారి, ఉప్పు తేలి ఉంది. ఇంకో పక్కకు చూసింది. అటు సముద్రం కనబడకుండా తాటిచెట్టంత ఇసుకమేట. తర్వాత ముఖేష్ వైపు తిరిగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఏడుండాయి నాయనా నీళ్ళు?"