పసుపు కడిగి తెచ్చినవారికే వైద్యం

సృష్టిలో రంగులు దేవుడు చేసినా, ఏది ఏ రంగో తేల్చే అధికారం మాత్రం నిజామాబాదులోని పసిబిడ్డల రంగు విచారణ కచేరీదే. పుట్టిన బిడ్డ పచ్చబడితే ముందు అక్కడ చూపాలి. అవి కామెర్లేనని పేష్కారు రాజేశ్వర్ గారు మొహరు వేస్తేనే డాక్టరు బిడ్డను ముట్టుకుంటాడు. (డాక్టరుకు కళ్లున్నాయి, మొహరు లేదు.)

నవీపేట చెరుకు తోటల్లో కూలి చేసే హనోకు, అతని భార్య గంగమ్మ నాలుగు రోజుల కొడుకును తెచ్చారు. బిడ్డ పాలు మానేసి మత్తుగా పడి ఉన్నాడు. పేరు పిలిస్తే రోగి స్వయంగా పలకాలి, పలకకపోతే వంతు పోతుంది. అది కచేరీ కానూను. జవాను "మోషే!" అని అరిచాడు. గంగమ్మ బిడ్డ అరికాలు గిల్లింది. వాడు కీచుమన్నాడు. హాజరు పడింది.

పేష్కారు అద్దాలు సర్దుకుని చూశాడు. "గిది పసుపే. నలుగు పెట్టిండ్రు. కడిగి తీస్కరాండ్రి."

"మేం కిరస్తానపోల్లం దొరా," అన్నాడు హనోకు. "పోరనికి పసుపు పెట్టలే."

"ఊరంత పసుపు అంగడే గద. గాలికే అంటుకుంటది."

(ఆ గాలి పేష్కారు గారి తెల్ల షేర్వానీకి ఎందుకు అంటలేదని అడిగే దరఖాస్తు ఇంకా అచ్చు కాలేదు.)

కడిగారు. బిడ్డ పచ్చగానే ఉన్నాడు. చన్నీళ్లతో పోదన్నారు. వేన్నీళ్లతో కడిగారు. సబ్బేదన్నారు. సబ్బు తెచ్చేసరికి శుక్రవారం, కచేరీకి జుమ్మా సెలవు. రోగానికీ సెలవివ్వమని ఎవరూ కోరలేదు గనుక అది తన పని తాను చేసుకుపోయింది. బిడ్డ వెనక్కి విరుచుకుపోయి ఏడ్చాడు.

తర్వాత కొన్నాళ్లకు ఆ పచ్చదనం దానంతటదే దిగింది. కడగగా కడగగా పోయింది కాబట్టి అది పసుపేనని రుజువైందని కచేరీ సంతోషించింది.

మూడేళ్లకు గంగమ్మ ఆ పిల్లవాణ్ని నడిపించుకుంటూ మళ్లీ వచ్చింది. "నీ బాంచెన్ దొరా, కామెర్లు పోరని చెవులు తిన్నయి. పిలిస్తే తిరిగి సూడడు, మాటలు రాలే. జర డాక్టరుకు సూపియ్యుండ్రి."

ఇలాంటివి వింటే నాబోటివాడికి ఒళ్లు మండుతుంది. మంటకు రంగు లేదు గనుక అది కచేరీ విచారణలోకి రాదు.

పేష్కారు జాలిపడి అప్పటికప్పుడే వంతు ఇప్పించాడు. జవాను గుమ్మంలో నిలబడి "మోషే!" అని మూడుసార్లు గట్టిగా పిలిచాడు. పిల్లవాడు తల్లి కొంగుతో ఆడుకుంటున్నాడు.

"నేనున్న గదయ్యా," అంది గంగమ్మ. "వానికి బదులు నేను పల్కుత."

కానూను కానూనే. రోగి పలకలేదు గనుక గైర్హాజరు వేసి, చెవుడు ఉన్నవాళ్లు వచ్చేసారి పిలవగానే పలకాలని హెచ్చరించి పంపారు.