కప్పు కారినా పరీక్షే

వెండెల్ టైన్‌స్ట్రా ఆ ఉదయం వేసుకున్న పథకంలో మెలికలేమీ లేవు. గడ్డం గీసుకునేటప్పుడు బుగ్గ తెగకూడదు, కాఫీ టై మీద ఒలకకూడదు, తొమ్మిదికల్లా కాలేజీకి చేరి ఉద్యోగం సంపాదించుకోవాలి. మిన్నెసోటాలో జనవరి నెల. హోటల్ కిటికీకి లోపలివైపు కూడా మంచు పేరుకుంది. ఆరేళ్ళుగా అతను ఏడాదికో కాలేజీలో తాత్కాలికంగా మనస్తత్వ శాస్త్రం చెబుతున్నాడు. పెళ్ళినాటి పింగాణీ పళ్ళేలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. కూతురు బళ్ళో కొత్త స్నేహితుల పేర్లు నేర్చుకోవడం మానేసింది. "ఎలాగూ వెళ్ళిపోతాం కదా" అంటుంది. ఈ ఉద్యోగం పర్మినెంటు. ఇది కూడా పోతే, మామగారి పరుపుల దుకాణంలో కూర్చోవడమే.

"నువ్వు నువ్వులా ఉండు. అంతే చాలు," అంది ఫోన్లో భార్య మార్లిస్.

"నేను నాలా ఉండబట్టే కదా మన బతుకు ఇలా ఉంది."

"అయితే ఇంకోలా ఉండు. టై మాత్రం నీలంది కట్టుకో."

"అది కాదు మార్లిస్, నాతో చదువుకున్న డేల్ చెప్పాడు. అక్కడ మనిషిని కూర్చోబెట్టి ఏదో ఒకటి చేస్తారట. కుర్చీ విరిగినా కావాలనే విరుగుతుందట. అప్పుడు మనమేం చేస్తామో చూస్తారట."

"డేల్ మాట నమ్మి పోయినేడు ఇల్లు కొనబోయాం. గుర్తుందా మహానుభావా?"

గుర్తుంది. అయినా అనుమానం ఒకసారి లోపలికి వచ్చాక చెప్పులు విడిచి హాయిగా కూర్చుంటుంది, లేవదు. పైగా ఈ వృత్తే అలాంటిది. "మీ జ్ఞాపకశక్తి చూస్తాం రండి" అని పిలుస్తారు. పక్క గదిలో ఎవరో ధబీమని పడతారు. పడినవాడు అద్దెకు తెచ్చిన నటుడు. అసలు చూసేది మీరు లేచి వెళతారా లేదా అని. ఇందులో పదేళ్ళు గడిపినవాడు, సొంత అత్తగారు మెట్ల మీద జారినా ముందు కెమెరా ఎక్కడుందా అని వెతుకుతాడు. వెండెల్‌కు డాక్టరేటు వచ్చిందే అలా. లైబ్రరీ మెట్ల మీద ఆపిల్ పళ్ళ బుట్ట మళ్ళీ మళ్ళీ జారవిడిచి, ఎవరు వంగి ఏరతారో, ఎవరు దాటుకుని పోతారో చూసి రాశాడు.

ఆ పరిశోధన ఆ కాలేజీలోని ముగ్గురు ప్రొఫెసర్లూ చదివారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఆపిల్ పళ్ళ మనిషి వస్తున్నాడు," అన్నాడు హైమన్ క్రాస్నర్ ఆ పొద్దున్నే. "వాడి చేతిలోంచి ఏది జారినా జారినట్టు కాదు. మనల్ని చూడటానికే వస్తున్నాడు."

"చూడనీ. మనం ఏమీ పట్టించుకోకూడదు, అంతే," అన్నాడు లూథర్ ప్రెవిట్.

"పాపం, దూరం నుంచి వస్తున్నాడు. గది కాస్త వెచ్చగా పెడదాం," అంది శాఖాధిపతి ఇంగ్రిడ్ సోల్‌బర్గ్. హీటరు తిప్పి ఆఖరి గీత దాకా పెట్టింది.

మనిషి గుణం ఎక్కడి నుంచి వస్తుందన్న దాని మీద ఈ ముగ్గురికీ ఎన్నడూ పొసగలేదు. పసితనంలో పడిన ముడి మనసు అడుగున దాక్కుని మనిషిని ఆడిస్తుందని క్రాస్నర్. లోపల ముడీ లేదు, గిడీ లేదు, మెచ్చుకుంటే నేర్చుకుంటాడు, తిడితే మానుకుంటాడు, మనిషంటే అలవాట్ల మూట అని ప్రెవిట్. ప్రతి మనిషిలోనూ మంచి మొలక ఉంటుంది, ఆదరించి నీళ్ళు పోస్తే అదే పెరుగుతుందని సోల్‌బర్గ్. ఇక వెండెల్‌ది నాలుగో దారి. అందరిలోనూ ఉన్నవి అవే ఐదు గుణాలు, కూరలో ఉప్పూ కారంలా పాళ్ళలోనే తేడా అంటాడు. ముగ్గురూ కలిసి ఒక్కరికి సరేననలేక ఆ కుర్చీ పదేళ్ళుగా ఖాళీగా ఉంది.

గది పైన గడ్డకట్టి చీలిన నీళ్ళ గొట్టం ఉంది. సోల్‌బర్గ్ ఆదరణకు మొలక సంగతేమో గానీ గొట్టంలో మంచు మాత్రం కరిగింది.

ఇంటర్వ్యూ మొదలైన కాసేపటికే మొదటి చుక్క సరిగ్గా వెండెల్ నడినెత్తిన పడింది. 'వచ్చేసింది పరీక్ష' అనుకున్నాడు. చెబితే కంగారు మనిషి అంటారు. చెప్పకపోతే బాధ్యత లేనివాడంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆలోచించి చిరునవ్వు నవ్వాడు.

ఆ చుక్క ముగ్గురూ చూశారు. ఆ నవ్వూ చూశారు. క్రాస్నర్ బల్ల కింద ప్రెవిట్ కాలు తొక్కాడు.

"ఇది మీకేమైనా గుర్తుచేస్తోందా?" అన్నాడు క్రాస్నర్ నెమ్మదిగా.

"ఏది?"

"ఏదైనా. మీ అమ్మగారు మీకు స్నానం చేయించేవారా?"

"అందరమ్మల్లాగే," అన్నాడు వెండెల్. ఈలోగా చుక్క ధార అయింది. ముక్కు చివర నుంచి కారుతున్న నీటిని తుడుచుకుంటే ఓడిపోయినట్టేనని ఊరుకున్నాడు. ప్రెవిట్ పట్టించుకోకూడదన్న పట్టుదలతో గోడ గడియారం వైపే చూస్తున్నాడు. సోల్‌బర్గ్‌కు మాత్రం మనసు ఆగలేదు. మూల ఉన్న గొడుగు తెచ్చి, ఒక్క మాటైనా అనకుండా అతని నెత్తిన విప్పి పట్టుకుని, "మీరు క్లాసులో పిల్లలకు ధైర్యం ఎలా చెబుతారు?" అని అడిగింది.

'గొడుగు కూడా సిద్ధంగా పెట్టుకున్నారు!' అనుకున్నాడు వెండెల్. 'గొడుగు పట్టినా ఆశ్చర్యపోలేదు!' అనుకున్నారు ముగ్గురూ. గుమ్మడికాయల దొంగ అంటే ఆ గదిలో నలుగురూ భుజాలు తడుముకునేలా ఉన్నారు. నీళ్ళు కాలి మడమలు దాటాయి. ఒక్కరి నోటా 'నీళ్ళు' అన్న మాట రాలేదు.

ధడాలున తలుపు తెరుచుకుంది. వచ్చినావిడ డీన్ బెవర్లీ స్టాంగ్‌లాండ్. ఆవిడ గది సరిగ్గా కింద ఉంది. ఉద్యోగం ఇవ్వాలంటే చివరి సంతకం ఆవిడదే. వెండెల్ ఆవిడను ఎన్నడూ చూడలేదు.

"మీకు కళ్ళున్నాయా లేవా?" అని అరిచింది డీన్. జుట్టు చెంపలకు అంటుకుపోయి ఉంది. "కింద నా బల్ల మీద వాన పడుతోంది!"

వెండెల్ లేచి చప్పట్లు కొట్టాడు. "బ్రహ్మాండం! ఆ కోపం చూడండి, ఎంత సహజంగా ఉందో! జుట్టు కూడా నిజంగా తడిపారే!"

క్రాస్నర్ ఇక ఆపుకోలేకపోయాడు. "బెవర్లీ, నిన్ను కూడా కలుపుకున్నాడా? ఎప్పుడు కలిశాడు నిన్ను? నిజం చెప్పు!"

ఆవిడ జవాబు చెప్పేలోగా కప్పు చెప్పింది. పెళపెళమని రెండు పలకలు, వాటి వెనక ఓ జలపాతం దిగాయి. గొడుగు వంకర తిరిగింది. ఐదుగురూ ఒకరినొకరు తోసుకుంటూ మెట్లు దిగి మంచులోకి పరిగెత్తారు. బయట చలికి తడి ప్యాంట్లు రేకుల్లా బిర్రబిగుసుకున్నాయి. ప్రెవిట్ కనుబొమల మీద మంచు కట్టింది.

పళ్ళు టకటకలాడుతుంటే వెండెల్‌కు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "చాలు! ఉద్యోగం ఇవ్వకపోతే మానెయ్యండి! కప్పు కూల్చి మరీ చూడాలా మనిషిని? మా పిల్లకి స్నేహితులు లేరు, తెలుసా? మళ్ళీ ఊరు మారతాం కదా అని ఎవరి పేరూ గుర్తుపెట్టుకోదు. ఇంటికెళ్ళి దాని ముఖం ఎలా చూడను నేను?"

"మేం కూల్చామా?" అన్నాడు ప్రెవిట్. "ఇదంతా మీ ప్రయోగం కాదూ?"

"నా ప్రయోగమా? నేను ఇంటర్వ్యూకి వచ్చాను!"

క్రాస్నర్ మెల్లగా అడిగాడు. "అయితే ఆ నీళ్ళు?"

"నీళ్ళే," అంది సోల్‌బర్గ్.

"మనుషుల్ని చదివే పండితులు నలుగురు!" అంది డీన్, పళ్ళు కొరుకుతూ. "ఎదురుగా కూర్చున్నవాడు తడిసిపోతున్నాడని చెప్పడానికి ఒక్కరికీ నోరు పెగల్లేదా?"

వెండెల్ ఇంటికొచ్చి పరుపుల దుకాణం సంగతి మామగారిని తనే అడిగాడు. ఆ మాట అడగడానికి ఎంత సిగ్గుపడ్డాడో మార్లిస్‌కు తెలుసు. అందుకే ఆ పూట వెక్కిరించకుండా వదిలేసింది.

వారం తిరక్కుండా డీన్ ఫోన్ చేసింది. "ఉద్యోగం మీదే, టైన్‌స్ట్రా గారూ. ఆ ముగ్గురూ జన్మలో మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చారు. మనిషిగుణం ఎక్కడి నుంచి వస్తే నాకేం గానీ, అంత అనుమానం ఉన్నవాడు ఈ శాఖకే పుట్టాడట. మీరు ఒప్పుకున్నట్టేనా?"

వెండెల్ ఫోన్‌ను అరచేత్తో మూసి భార్య చెవిలో గుసగుసలాడాడు. "ఇదీ పరీక్షే. చప్పట్లు కొట్టినవాడికి ఉద్యోగం ఎవరైనా ఇస్తారా? ఆశపడతానా లేదా అని చూస్తున్నారు." ఫోన్లో ఏమీ అనకుండా ఊరుకున్నాడు.

అవతల డీన్ ఆ మౌనాన్ని బేరం అనుకుంది. "సరే, కిటికీ ఉన్న గది ఇస్తాం."

వెండెల్ ఉలకలేదు.

"పొద్దున ఎనిమిది గంటల క్లాసు మీకు వెయ్యం."

పలకలేదు.

"అబ్బ! గట్టి పిండమే మీరు. వేసవిలో క్లాసులే వద్దు, పోండి!"

మార్లిస్ ఇక తట్టుకోలేక ఫోన్ లాక్కుంది. "వస్తున్నాం! అన్నిటికీ ఒప్పుకున్నాం! ఆయన మాట పట్టించుకోకండి!"

"మీరెవరు?" అంది డీన్.

"ఆయన భార్యనండీ."

అవతల ఆవిడ గొంతు తగ్గించింది. "నిజంగా భార్యేనా?"

పెళ్ళి సర్టిఫికెట్ నకలు పంపించాకే ఉద్యోగపు ఉత్తర్వు వచ్చింది.